శీలావతి ఎదుగుదల తగ్గడానికి కారణం విత్తనమా, పెంపకమా?

ప్రశ్న: మండవల్లి చేపల రైతు

అందరికీ నమస్కారం. కొల్లేటిని ఆనుకుని ఉన్న చెరువుల్లో చాలా కాలంగా శీలావతి (రోహు), బొచ్చె (కట్లా) చేపలను కలిపి పెంచుతున్నాను. మా ప్రాంతంలో అందరూ చేసేటట్టే శీలావతిని ఎక్కువగానూ, బొచ్చెను పదింట ఒకటి రెండు వంతులుగానూ వదులుతాను. వేలెడు పిల్లను నేరుగా పెద్ద చెరువులోకి దించను. ముందు పిల్లల చెరువులో ఒత్తుగా పోసి, కొద్దిపాటి తౌడు మీద నెలల తరబడి నిలిపి, వంద నుంచి రెండు వందల గ్రాముల బరువుకు వచ్చిన తరువాతనే పెంపకపు చెరువులోకి మారుస్తాను. మేత సంగతి ఇక్కడి వారికి తెలిసినదే. నూనె తీసిన తౌడులో వేరుశనగ చెక్క గానీ పత్తి చెక్క గానీ కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, వెదుళ్లకు కట్టి నీటిలోకి వేలాడదీస్తాము.

పద్ధతి మారలేదు గానీ ఫలితం మారింది. ఒకప్పుడు పట్టుబడి నాటికి శీలావతి దాదాపు ఒకే సైజులో, కిలోకు పైబడి వచ్చేది. ఇప్పుడు ఒకే చెరువులో, ఒకే రోజు వదిలిన పిల్లలోనే కొన్ని కిలోంబావు తూగుతుంటే కొన్ని అరకిలో దగ్గరే ఆగిపోతున్నాయి. మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు బయటికి కనిపించే చేపలు, నడుము వంకర ఉన్న చేపలు మునుపటి కంటే ఎక్కువగా వలలో పడుతున్నాయి. శీలావతి అని వదిలిన వాటిలో తల కాస్త పెద్దదిగా ఉన్న చేపలు కూడా కనిపిస్తున్నాయి. విత్తనం చెడిపోయిందని తోటి రైతులు అంటున్నారు, నీళ్లలో లోపం ఉందని హేచరీ (చేప పిల్లను పుట్టించే కేంద్రం) వారు అంటున్నారు, మేత చాలడం లేదని మేత అమ్మేవారు అంటున్నారు. ఎవరి సరుకును వారు వెనకేసుకురావడం సహజమే కాబట్టి, ఏ మాటను నమ్మాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి కావాలి.

నేనూ మా బావమరిదీ కలిసి సొంతంగా చిన్న హేచరీ కట్టుకోవాలని అనుకుంటున్నాము. అందుకని రెండో ప్రశ్న కూడా అడుగుతున్నాను. తల్లిచేపలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఎన్నింటిని ఉంచుకోవాలి, ఏ చేపను తల్లిగా ఎంచుకోవాలి? పెద్దది కనిపిస్తే దానినే ఉంచుకుంటే సరిపోతుందా? చేపల జన్యుశాస్త్రం చదివినవారు, హేచరీల్లో పనిచేసినవారు వివరంగా చెబితే మాలాంటి వారికి ఎంతో మేలు జరుగుతుంది.


సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, మత్స్య జన్యుశాస్త్రం

రైతు గారికి నమస్కారం. మీరు చూసినవాటిని చూసినట్టు విడివిడిగా రాశారు కాబట్టి సమాధానం చెప్పడం తేలికయింది. బరువుల్లో తేడా, అంగవైకల్యం, పెద్ద తల అనే మూడు లక్షణాలకూ కారణాలు మూడు వేర్వేరు కావచ్చు. వాటన్నిటినీ కలిపి విత్తనం చెడిపోయిందనే ఒక్క మాటలో చుట్టేస్తే మందు ఏదో తెలియకుండా పోతుంది.

ముందుగా శీలావతి ఎన్ని గుడ్లు పెడుతుందో గుర్తు చేసుకుందాము. బాగా పక్వానికి వచ్చిన ఆడచేప తన బరువులో కిలోకు రెండు లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. అంటే రెండు కిలోల ఆడచేపలు పది ఉంటే ఒక్క రాత్రిలో నలభై లక్షల గుడ్లు చేతికి వస్తాయి. ఆవుల మంద పెంచేవారు మందను నిలుపుకోవాలంటే చాలా ఆవులను ఈనించక తప్పదు. చేపల హేచరీకి ఆ అవసరమే లేదు. పట్టుమని పది తల్లులతో ఒక ఊరి చెరువులన్నింటికీ పిల్ల సరఫరా చేయవచ్చు. వ్యాపారానికి ఇది వరమే, వంశానికి మాత్రం ఇదే గండం. ఆ పది తల్లుల పిల్లలలో నుంచే వచ్చే తరం తల్లులను ఏరుకుంటే, రెండు మూడు తరాలలో ఆ హేచరీలోని చేపలన్నీ ఒకదానికొకటి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయిపోతాయి. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాలలో దాగి ఉన్న దోషాలు జంటగా కలిసి పైకి వచ్చినట్టే ఇక్కడా జరుగుతుంది. పొట్టి మొప్ప మూత, వంకర వెన్ను ఎక్కువ కావడం దీనికి ఒక గుర్తు. అయితే మేతలో సి విటమిన్ గానీ భాస్వరం గానీ లోపించినా ఇలాంటి వైకల్యాలే వస్తాయి కనుక, వైకల్యాన్ని చూసిన వెంటనే తీర్పు చెప్పకూడదు.

ఈ దగ్గరి సంబంధాన్ని కొలవడానికి ఒక చిన్న లెక్క ఉంది. మగచేపల సంఖ్యను ఆడచేపల సంఖ్యతో గుణించి, దానిని నాలుగుతో గుణించి, మొత్తం చేపల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ప్రభావక జనాభా, అంటే వంశానికి నిజంగా తోడ్పడే చేపల సంఖ్య. మీ దగ్గర యాభై చేపలు ఉండి, అందులో ఇరవై ఐదు మగవి, ఇరవై ఐదు ఆడవి అయితే ఈ లెక్క యాభై అని చెబుతుంది. మగవి ఐదే ఉండి ఆడవి నలభై ఐదు ఉంటే, చెరువులో యాభై చేపలు కనిపిస్తున్నా లెక్క పద్దెనిమిదికి పడిపోతుంది. ఒకటిని ఈ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, ఒక్కో తరానికి దగ్గరి సంబంధం ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. మొదటి సందర్భంలో అది ఒక శాతం, రెండో సందర్భంలో దాదాపు రెండు ముప్పావు శాతం. 1990లో ఏక్‌నాథ్, డోయల్ అనే శాస్త్రవేత్తలు కర్ణాటకలో శీలావతి, బొచ్చె వంటి కార్పు జాతి చేపల హేచరీలను పరిశీలించి, చాలాచోట్ల ఈ ప్రభావక జనాభా మూడు నుంచి ముప్పై మధ్యనే ఉందని ప్రచురించారు. మన దేశంలో ఈ సమస్యను అంకెలతో చూపించిన తొలి పనులలో అది ఒకటి.

దగ్గరి సంబంధం వల్ల ఎంత నష్టం జరుగుతుందనే దానికి రెయిన్‌బో ట్రౌట్ మీద 1970లలో అమెరికాలో కింకెయిడ్ చేసిన ప్రయోగం చాలు. ఒకే ఒక్క తరం అన్నాచెల్లెళ్లను జత కట్టించినందుకు ఏడాది వయసులో బరువు సుమారు 23 శాతం తగ్గింది, పిల్లల బతుకుదల 19 శాతం తగ్గింది, వైకల్యం ఉన్న పిల్లలు పెరిగాయి. ట్రౌట్ అంకెలను శీలావతికి ఉన్నవి ఉన్నట్టు అంటగట్టలేము గానీ, నష్టం ఏ దిశలో ఉంటుందో అవి స్పష్టంగానే చెబుతున్నాయి.

ఇక రెండో కారణం, నా దృష్టిలో దీనికంటే పెద్దది, తల్లిచేపలను ఎంచుకునే తీరు. పట్టుబడి రోజున పెద్ద చేపకు మంచి ధర వస్తుంది కాబట్టి అది లారీ ఎక్కుతుంది. ధర పలకని చిన్న చేప చెరువులోనే మిగిలి, మరుసటి ఏడాది పక్వానికి వచ్చి, తల్లిచేప అవుతుంది. ఎవరూ కావాలని చేయకపోయినా ఇది కూడా ఎంపికే, తలకిందుల ఎంపిక. ఇజ్రాయెల్‌లో మోవ్, వోల్ఫార్త్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బంగారు తీగ చేపలో ఐదు తరాల పాటు రెండు దిశలలోనూ ఎంపిక చేసి చూశారు. వేగంగా ఎదిగేవాటిని మాత్రమే ఏరిన వంశంలో చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదు. నెమ్మదిగా ఎదిగేవాటిని ఏరిన వంశంలో మాత్రం ఎదుగుదల గట్టిగా పడిపోయింది. మన హేచరీలకు ఇంతకంటే సూటిగా వర్తించే ప్రయోగం నాకు మరొకటి తెలియదు. పైకి ఎక్కడానికి పద్ధతి ప్రకారం పనిచేయాలి, కిందికి జారడానికి ఏ పద్ధతీ అక్కర్లేదు.

పెద్దది కనిపిస్తే ఉంచుకుంటే చాలా అని మీరు అడిగారు. చిన్నదాన్ని ఉంచుకోవడం కంటే అది నిస్సందేహంగా మేలు, కానీ ఆశించినంత ఫలితం ఇవ్వదు. చేప పెద్దది కావడానికి జన్యువులు ఒక కారణం మాత్రమే. నాలుగు రోజులు ముందు పుట్టడం, నర్సరీలో పలుచగా ఉన్న మూలలో పెరగడం, మేత సంచి దగ్గర చోటు దొరకడం కూడా కారణాలే. శీలావతి బరువులో తేడాలలో తల్లిదండ్రుల నుంచి సంతానానికి నికరంగా దిగే వంతు స్థూలంగా నాలుగింట ఒకటి అనుకోండి. చెరువు సగటు 800 గ్రాములు ఉండగా 1,200 గ్రాముల చేపలను తల్లులుగా ఏరితే, ఆ 400 గ్రాముల ఆధిక్యంలో 100 గ్రాములే పిల్లలకు అందుతాయి. పైగా ఒకే కాన్పుకు చెందిన పిల్లలే చెరువులో పెద్దవిగా ఎదిగి ఉంటే, మీరు ఏరినవన్నీ తోబుట్టువులే అయ్యే ప్రమాదం కూడా ఉంది.

పెద్ద తలల సంగతి హేచరీలో పనిచేసినవారు చెబితే బాగుంటుంది కాబట్టి దానిని వారికి వదిలిపెడుతున్నాను.


సమాధానం: హేచరీ సాంకేతికుడు, ఆకివీడు

మాస్టారు రాసినదంతా నిజమే. పెద్ద తలల సంగతి నేను చెబుతాను.

శీలావతికి, బొచ్చెకు, ఎర్రమోసు అనే మరో కార్పు చేపకు మూడింటికీ యాభై క్రోమోజోములే ఉంటాయి. అందువల్ల ఒక జాతి గుడ్డు మీద మరో జాతి పాలు, అంటే మగచేప వీర్యం, పడితే పిల్ల పుడుతుంది, బతుకుతుంది, పెద్దయ్యాక అది కూడా గుడ్లు పెడుతుంది. జూన్, జూలై నెలల్లో గిరాకీ ముంచుకొచ్చినప్పుడు, విడివిడిగా నడిపించడానికి నీరు, మనుషులు చాలక కొన్ని చోట్ల ఒకే గుండ్రటి తొట్టెలో రెండు జాతుల చేపలకూ ఇంజెక్షన్ ఇచ్చి వదులుతారు. అక్కడ శీలావతి గుడ్ల మీద బొచ్చె పాలు పడడాన్ని ఎవరూ ఆపలేరు. అలా పుట్టిన మిశ్రమ చేప తల శీలావతి కంటే పెద్దదిగా, బొచ్చె కంటే చిన్నదిగా ఉంటుంది. అసలు శీలావతికి నోరు కిందివైపుకు ఉండి పెదవి అంచు కుచ్చుల్లా ఉంటుంది, బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది. మొదటి తరం మిశ్రమాన్ని ఈ గుర్తులతో పట్టుకోవచ్చు. అది మళ్లీ శీలావతితో కలిసి పుట్టిన రెండో తరం మాత్రం కంటికి శీలావతిలాగే కనిపిస్తుంది, దానిని ప్రయోగశాలలో జన్యు పరీక్షతోనే గుర్తించగలం. అందుకే అనుమానం ఉన్న ఏ చేపనూ తల్లిచేపల చెరువులోకి రానివ్వకూడదు. తినడానికి అది మంచి చేపే కావచ్చు, వంశానికి మాత్రం పనికిరాదు.

మగచేపల విషయంలో మాస్టారు చెప్పిన లెక్కకు ఒక మాట కలుపుతాను. తొట్టెలో ఇరవై మగచేపలను వదిలినంత మాత్రాన ఇరవై చేపలూ సమానంగా తండ్రులు కావు. పొట్ట మీద సున్నితంగా నొక్కితే చిక్కటి తెల్లని పాలు వచ్చే మగచేపలు కొన్ని ఉంటాయి, నీళ్లలాంటి పలుచని చుక్క మాత్రమే వచ్చేవి కొన్ని ఉంటాయి. మంచి పాలున్న మగచేపకు రొమ్ము రెక్క లోపలివైపు వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. ఆడచేపకు ఆ రెక్క నున్నగా ఉంటుంది, పొట్ట మెత్తగా ఉబ్బి, గుడ్లు వచ్చే రంధ్రం ఎర్రబారి ఉంటుంది. ప్రతి చేపనూ ఇలా చేతితో చూసి ఎంచుకోవడానికి తీరిక లేక వలలో పడినవాటిని పడినట్టే తొట్టెలో వేస్తే, బలమైన రెండు మూడు మగచేపలే ఎక్కువ గుడ్లను ఫలదీకరిస్తాయి. అప్పుడు కాగితం మీద ఉన్న సంఖ్యకూ, నీటిలో జరిగినదానికీ పొంతన ఉండదు.

మందుల వల్ల కూడా ఒక అలవాటు స్థిరపడింది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి మన కార్పులచేత గుడ్లు పెట్టించినప్పటి నుంచి హేచరీల దారి మారింది. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అప్పట్లో ఇతర చేపల తలలు కోసి గ్రంథులు సేకరించాల్సి వచ్చేది, మోతాదు ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండేది కాదు. ఇప్పుడు ఓవాప్రిమ్ వంటి తయారు మందును ఆడశీలావతికి కిలోకు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు, మగచేపకు అందులో సగమో ఇంకా తక్కువో ఒకేసారి ఇస్తే చాలు. పని ఇంత సులువు కావడంతో, ఏ చేపకు ఇస్తున్నామనే ప్రశ్న వెనక్కు పోయింది. మీరు కొత్తగా కట్టుకుంటున్నారు కాబట్టి మొదటి రోజు నుంచే జాతికి ఒక తొట్టె, చేపకు ఒక గుర్తు, ప్రతి ఇంజెక్షన్‌కు పుస్తకంలో ఒక వరుస అనే క్రమం పెట్టుకోండి. తరువాత పెట్టుకుందామంటే సీజన్ ఊపిరి సలపనివ్వదు.

మగచేపలను మాత్రం రెండేళ్లకు ఒకసారైనా ఇతర హేచరీలతో మార్పిడి చేసుకోండి. ఆ హేచరీ కూడా మీ వంశం నుంచే పిల్ల తెచ్చుకున్నది కాకుండా చూసుకోవాలి. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో వారు ద్రవ నత్రజనిలో కార్పుల పాలను గడ్డకట్టించి నిల్వ చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ పాలు దొరికితే చేపను లారీలో తరలించకుండానే కొత్త రక్తం ఎక్కించవచ్చు. కాకపోతే దానికి గుడ్లను చేతితో పిండి తీసే నేర్పు కావాలి.


సమాధానం: పరిశోధక విద్యార్థిని, ముత్తుకూరు

రైతు గారికి, పెద్దలకు నమస్కారం. నేను చేపల శరీరధర్మశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. విత్తనం మీద చర్చ సరైన దారిలోనే సాగుతోంది, అయితే మీ పెంపకం తీరులోనే ఎదుగుదల ఆగడానికి ఒక కారణం ఉందని నాకు అనిపిస్తున్నందున దానిని కూడా పరిశీలించమని కోరుతున్నాను.

మీరు పిల్లను ఒత్తుగా పోసి నెలల తరబడి ఆపుతున్నారు. ఇలా ఆగిన పిల్లను విశాలమైన చెరువులోకి వదిలి కడుపునిండా మేత పెడితే అది మామూలు పిల్ల కంటే ఆబగా తిని, వెనకబడిన బరువును పూడ్చుకునే ప్రయత్నం చేస్తుంది. ఈ పద్ధతి ఆంధ్ర రైతులకు లాభం తెచ్చిపెట్టింది ఈ గుణం వల్లనే. కానీ ఆగినది బరువు మాత్రమే, వయసు ఆగలేదు. వంద గ్రాముల పిల్ల ఏడాది వయసుది అయి ఉంటే, తరువాతి వర్షాకాలానికి దానికి రెండేళ్లు నిండుతాయి. శీలావతి రెండో ఏడాదిలోనే పక్వానికి రాగలదు. పగటి పొద్దు పెరిగి, నీరు వేడెక్కే మార్చి, ఏప్రిల్ నెలల నుంచి మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని కదిలిస్తుంది, ఆ గ్రంథి అండాశయాలను, వృషణాలను పెంచడం మొదలుపెడుతుంది. తిన్న మేతలో కండకు పోవలసిన మాంసకృత్తులు, కొవ్వు ఆ నెలల్లో గుడ్లకు మళ్లుతాయి. జూన్, జూలై నాటికి నిండుగా ఉన్న ఆడచేపలో అండాశయం బరువే ఒంటి బరువులో ఐదో వంతుకు దగ్గరగా పోగలదు. చెరువులో గుడ్లు పెట్టడానికి నదిలోని వరద వాతావరణం ఉండదు. మందు ఇవ్వనిదే ఆఖరి మెట్టు దాటకుండా డోపమైన్ అనే రసాయనం అడ్డుపడుతుంది. ఆ గుడ్లు బయటికి రాకుండానే కరిగి, మళ్లీ శరీరంలోకి ఇంకిపోతాయి. అంటే మీరు పెట్టిన మేతలో కొంత భాగం గుడ్లుగా మారి, తిరిగి కరగడానికే ఖర్చు అయిపోతుంది.

అందువల్ల నాకు రెండు సంగతులు తెలుసుకోవాలని ఉంది. మీరు కొంటున్న పిల్ల వయసు మునుపటి కంటే పెరిగిందా? అరకిలో దగ్గర ఆగిన చేపలను కోసి చూసినప్పుడు వాటిలో గుడ్లు గానీ పాలు గానీ నిండుగా ఉన్నాయా? అవి చిన్నవిగా ఉండి కూడా పక్వానికి వచ్చి ఉంటే, అక్కడ ముందుగా అనుమానించవలసింది వయసును, ఆ తరువాత వంశాన్ని. ఒకవేళ తలకిందుల ఎంపిక చాలా కాలం సాగి ఉంటే ఆ వంశంలో చిన్న వయసులోనే పక్వానికి వచ్చే గుణం కూడా బలపడి ఉండవచ్చు, ఎందుకంటే త్వరగా పక్వానికి వచ్చిన చిన్న చేపే తల్లిగా మిగిలింది. అలా చూస్తే మాస్టారు చెప్పిన కారణం, నేను చెప్పిన కారణం ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నాయి.


మళ్లీ: మండవల్లి చేపల రైతు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి గారు అడిగిన దానికి జవాబు ఇది. పిల్ల అమ్మేవారు సైజు చెబుతారు గానీ వయసు చెప్పరు, మేమూ అడగము. వేసవి చివర చిన్న చేపలను కోసినప్పుడు గుడ్లు కనిపించడం మాత్రం నిజమే. ఇకనుంచి కోసిన ప్రతిసారీ రాసిపెడతాను.

మాస్టారూ, జయంతి రోహు అనే మెరుగుపరచిన శీలావతి వంశం గురించి చాలా చోట్ల విన్నాను. భువనేశ్వర్ నుంచి ఆ పిల్లను ఒకసారి తెచ్చుకొని, పెంచి, వాటినే తల్లులుగా చేసుకుంటే మా సమస్య తీరుతుందా? మా పాత విత్తనానికీ జయంతికీ ఉన్న తేడాను మా చెరువులోనే తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?


సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, మత్స్య జన్యుశాస్త్రం

రైతు గారూ, జయంతి ఎలా తయారయిందో తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

నార్వే వారు 1970లలో అనేక నదుల సాల్మన్‌ను ఒకచోట చేర్చి, కుటుంబాల వారీగా ఎంపిక చేసి, సాల్మన్ పెంపకం రూపురేఖలనే మార్చారు. అదే నార్వేకు చెందిన అక్వాఫోర్స్క్ సంస్థతో కలిసి భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని సీఫా, అంటే కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ, 1992లో శీలావతి మీద పని ప్రారంభించింది. గంగ, గోమతి, యమున, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలనూ, తమ క్షేత్రంలోని చేపలనూ కలిపి మూల జనాభాగా తీసుకున్నారు. ఎంపిక అంటే ఉన్న వైవిధ్యంలో నుంచి మంచిదానిని ఏరడమే కాబట్టి, వైవిధ్యమే లేని మూలంతో మొదలుపెడితే ఏరడానికి ఏమీ మిగలదు. అందుకే నదులకు వెళ్లారు.

తరువాతి పని ఓపికతో కూడినది. ఒక తల్లి, ఒక తండ్రి కలిసి కన్న పిల్లలన్నీ ఒక కుటుంబం. ఒక్కో కుటుంబాన్ని ఒక్కో చిన్న చెరువులో విడిగా పెంచి, పిల్ల కాస్త గట్టిపడ్డాక పొట్ట కుహరంలోకి పన్నెండు మిల్లీమీటర్ల గాజు చిప్‌ను సూదితో ఎక్కిస్తారు. రీడర్‌ను దగ్గరకు తీసుకువెళితే ఆ చేప నంబరు కనిపిస్తుంది. అప్పుడు అన్ని కుటుంబాలనూ ఒకే చెరువులో కలిపి పెంచి, పట్టుబడి రోజున ప్రతి చేప బరువునూ దాని నంబరుతో సహా నమోదు చేస్తారు. చేప సొంత బరువుతోపాటు దాని తోబుట్టువుల బరువులు కూడా చూసి, ఏ కుటుంబంలోని ఏ చేప వచ్చే తరానికి తల్లి లేదా తండ్రి కావాలో లెక్కిస్తారు, దగ్గరి బంధువులను జత కట్టనివ్వరు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం జరిగిన 1997లో విడుదల చేశారు కనుక జయంతి అనే పేరు వచ్చింది. ఎదుగుదల తరానికి సగటున 17 శాతం చొప్పున మెరుగుపడిందని ఆ సంస్థ ప్రచురించింది. ఆ తరువాత ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాను తట్టుకునే గుణం కోసం కూడా ఎంపిక చేశారు, బొచ్చెలో అమృత్ కట్లా అనే మెరుగైన వంశాన్ని తెచ్చారు.

ఒక వ్యక్తి ఒకసారి తెచ్చిన పిల్లతో ఇదంతా నిలబడదు. మీరు తెచ్చే ఒక సంచిలోని పిల్లలు రెండు మూడు కుటుంబాలకే చెందినవి కావచ్చు. వాటినే తల్లులుగా చేసి, వాటి పిల్లలను మళ్లీ తల్లులుగా చేస్తే, జయంతి పేరు అలాగే ఉంటుంది గానీ దాని గుణం మీ చెరువులో కరిగిపోతుంది. సరైన దారి ఏమిటంటే, తల్లిచేపల కోసమని స్పష్టంగా చెప్పి, వేర్వేరు కుటుంబాలకు చెందిన పిల్లను తీసుకోవాలి. దానితో రెండు మూడేళ్లు అమ్మకపు పిల్లను తయారు చేసుకోవాలి, ఆ అమ్మకపు పిల్లలో నుంచి తల్లులను ఏరకూడదు. తల్లులు ముదిరినప్పుడు మళ్లీ మూలం నుంచే కొత్త పిల్లను తెచ్చుకోవాలి. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కౌసల్యాగంగలో నెలకొల్పిన తల్లిచేపల బ్యాంకు ఉద్దేశం ఇదే. మీకు దగ్గరలో విజయవాడ పక్కన పెనమలూరులో సీఫా ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది, మొదట అక్కడికి వెళ్లి మాట్లాడండి. ఎన్ని ఉంచుకోవాలనే ప్రశ్నకు నా సలహా ఇది: తొట్టెలో ప్రతి మగచేపా సమానంగా తండ్రి కాదని సాంకేతికుడు గారు చెప్పిన మాటను దృష్టిలో పెట్టుకొని, యాభైతో సరిపెట్టుకోకుండా, ఆడ మగ సమానంగా వంద చేపలైనా ఉంచండి. చెరువు చాలకపోతే బొచ్చెను వదులుకొని ఒక్క శీలావతినే సక్రమంగా చేయండి. రెండు జాతులను అరకొరగా చేయడం కంటే అది ఎంతో మేలు.

పోలిక విషయానికి వస్తే, పక్క రైతు చెరువులో జయంతి బాగా ఎదిగింది, నా చెరువులో పాత విత్తనం ఎదగలేదు అనే మాట రుజువు కాదు. రెండు చెరువుల నీరు, మేత, పిల్ల వయసు, పిల్లను పోసిన ఒత్తు అన్నీ వేరు. రెండు విత్తనాలనూ ఒకే చెరువులో కలిపి పెంచినప్పుడే తేడా వంశానిదని చెప్పగలము. ఒకే వారంలో పొదిగిన చిన్నారి పిల్లను, అంటే స్పాన్‌ను రెండు చోట్ల నుంచీ తెచ్చుకోండి. నీటిలో పక్కపక్కన కట్టిన వలగుడ్డ తొట్టెల్లో, అంటే హాపాలలో, ఒకే లెక్కన పోసి, ఒకే మేత పెట్టి పెంచండి. కలిపే రోజుకు రెండింటి సగటు బరువూ సమానంగా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రయోగం మొత్తం దీని మీదనే నిలబడుతుంది. మొదట్లో ఐదు గ్రాములు ఎక్కువ ఉన్న పిల్ల మేత దగ్గర రెండోదానిని నెట్టేస్తూ పోయి, చివరికి ఆ ఐదు గ్రాములను వంద గ్రాముల తేడాగా చూపిస్తుంది, దానిని మనం జన్యువుల గొప్పతనంగా పొరబడతాము. గుర్తు కోసం ఒక విత్తనానికి కుడి పొత్తికడుపు రెక్కను, రెండో దానికి ఎడమ పొత్తికడుపు రెక్కను కత్తిరించండి. ఒకదానికే కత్తిరించి రెండోదాన్ని వదిలేస్తే ఆ గాయం ప్రభావం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. కత్తిరించిన రెక్క కొంత తిరిగి పెరుగుతుంది కాబట్టి నెలకొకసారి నమూనా పట్టినప్పుడు గుర్తు తెలుస్తోందో లేదో చూసుకొని, అవసరమైతే మళ్లీ కత్తిరించండి.

ఒక్క చెరువుతో తేల్చవద్దు, కనీసం మూడు చెరువుల్లో చేయండి. మీ బావమరిది గారి చెరువు కూడా అందులో కలిస్తే మంచిది. పట్టుబడి రోజున సగటు తీసి ఊరుకోకుండా చేప చేపనూ విడిగా తూచి, రెక్క గుర్తు, బరువు, మొప్ప మూత స్థితి ఒక వరుసలో రాయండి. ప్రతి విత్తనంలో కొన్నింటిని కోసి, ఆడదో మగదో, గుడ్లు నిండాయో లేదో కూడా అదే వరుసలో చేర్చండి, అప్పుడు అమ్మాయి గారు లేవనెత్తిన ప్రశ్నకు కూడా సమాధానం వస్తుంది. రెండు విత్తనాలూ మూడు చెరువుల్లోనూ ఒకేలా వెనకబడితే మీరు సరిచేయవలసింది మేతను, పిల్ల వయసును. పాతది మాత్రమే మూడు చోట్లా వెనకబడితే ఆ వంశాన్ని ఆపేయండి. ఆ పట్టికను ఇక్కడ పెట్టండి, లెక్క చేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.